నాడ కింది పుండు

మొన్న మా అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు అమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. చర్మవైద్యంలో పీజీ చేస్తోంది, తెలివైన పిల్ల. "ఆంటీ, మీ రోజుల్లో చర్మం క్యాన్సర్లు చూసేవాళ్ళా? మనకి రావు కదా అసలు. డార్క్ స్కిన్ కదా మనది" అంది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. యాభై ఏళ్ళ కిందట మా చీఫ్ సరిగ్గా ఇదే మాట అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మాట మాత్రం బతికే ఉంది, మా అయిదో అంతస్తుదాకా మెట్లెక్కి వచ్చింది.

ఆ పిల్లని గట్టిగా కసిరాను. తర్వాత బాధ కూడా పడ్డాను, తనకెవరూ చెప్పకపోతే తనేం చేస్తుంది? అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఏ పదవి ఎప్పుడొచ్చింది, ఎవరు శాలువా కప్పారు వగైరాలు ఇందులో ఉండవు. ఉద్యోగమంటే నిజంగా ఏమిటో, అందులో నేనేం తప్పు చేశానో, ఎవరిమీద నా కోపం ఇంకా చల్లారలేదో అవే ఉంటాయి. కాస్త మర్యాదగా రాయమని మావారు అన్నారు. ప్రయత్నించాను, కుదరలేదు.

పుండ్ల గది

డెబ్భైల మొదట్లో నేను నగరంలో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సర్జరీ యూనిట్‌లో అసిస్టెంట్‌గా చేరాను. మాది కృష్ణా జిల్లా. ఆడపిల్ల సర్జరీ చదివిందంటే అప్పట్లో నమ్మేవాళ్ళు కాదు. మొదటి వారమంతా, కనిపించిన ప్రతివాడూ "ప్రసూతి వార్డు అటువైపమ్మా" అని నాకు దారి చూపించాడు. యూనిట్‌లో ఎవరికీ అక్కర్లేని పని ఒకటుంది, అది నా నెత్తిన పెట్టారు. మానని పుండ్ల ఓపీ. వారానికి రెండు రోజులు. ఆసుపత్రిలో అందరూ దాన్ని పుండ్ల గది అనేవారు.

రెండు బెంచీలు, ఒక బకెట్టు, గాజుగుడ్డల ట్రే, నీలం మందు సీసా, పచ్చ ఆయింట్‌మెంటు డబ్బా. అంతే ఆ గది. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. కాంపౌండరు, వార్డు బాయిలు, మగ స్టూడెంట్లు, పక్క రోగి తాలూకు మనుషులు అందరూ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవారు. వాళ్ళందరి మధ్యా నిలబడి ఆడవాళ్ళు తమ పుండ్లు చూపించుకోవాలి. కాలు మీదదైతే సరే. ఇంకెక్కడిదైనా అయితే చీర కుచ్చిళ్ళు బొటనవేలంత పక్కకి జరిపేవారు, మేం వంగి తొంగి చూసేవాళ్ళం, చీటీ రాసేవాళ్ళం. మనిషికి రెండు నిమిషాలు.

చాలామంది కొత్తగూడ, మణికొండ, ఆ వైపు ఊళ్ళనుంచి వచ్చేవారు. అప్పుడవి నిజంగానే ఊళ్ళు. జొన్న చేలు, గుట్టలు, ఆ గుట్టల పక్కన కంకర కొట్టే చోట్లు. ఇప్పుడు నేనుంటున్న ఈ బిల్డింగు కూడా అలా పగలగొట్టిన ఏ గుట్ట మీదో లేచిందే అయ్యుంటుంది.

మాకు చదువు చెప్పిన పుస్తకాలు ఇంగ్లండులో రాసినవి. చర్మం క్యాన్సరు అంటే ఎండలో తిరిగే తెల్లతోలు వాళ్ళకి వచ్చే జబ్బు అని వాటి సారాంశం. రాసినవాళ్ళు కంకర కొట్టే ఆడమనిషిని ఎన్నడూ చూడలేదు, అది వాళ్ళ తప్పు కాదు. వారానికి రెండు రోజులు కళ్ళెదుట చూస్తూ కూడా కళ్ళని కాక పుస్తకాన్ని నమ్మినవాళ్ళం మేం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

సూర్యనారాయణ గారి పుట్టుమచ్చ

మెలనోమా అనే ప్రమాదకరమైనది ఒకటుంది, దాని కథ వేరు. అది కాక తరచుగా కనిపించే చర్మం క్యాన్సర్లు రెండు. మొదటిది బేసల్ సెల్ రకం. దీన్ని నాకు పరిచయం చేసినవారు సూర్యనారాయణ గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసేవారు. ఎర్రటి మనిషి, ఇస్త్రీ చొక్కా. ముక్కు పక్కన మినప గింజంత నల్లటి బుడిపె.

"పుట్టుమచ్చేనండి. అదృష్టం మచ్చ అని మా ఆవిడ తీయించుకోనివ్వలేదండి. గడ్డం గీసుకున్నప్పుడల్లా రక్తం వస్తోంది. పక్కు కడుతుంది, ఊడుతుంది, మళ్ళీ కడుతుందండి. ఏడాదిన్నరగా ఇదే తంతు" అన్నారు.

వెలుతురులోకి తిప్పి చూస్తే దాని అంచు సన్నని పూసలు గుచ్చినట్టు మెరుస్తోంది, నడుమ చిన్న గుంట. పుట్టుమచ్చకి అలాంటి అంచు ఉండదు. మన రంగు వాళ్ళలో ఇది తరచు నల్లగా ఉంటుంది కాబట్టి అందరూ మచ్చే అనుకుంటారు. ఈ రకం నెమ్మదిగా పెరుగుతుంది. ఒంట్లో ఇంకోచోటికి పాకడం చాలా అరుదు. అలాగని వదిలేస్తే ఉన్నచోటే ముక్కునీ, కంటిరెప్పనీ, ఎముకనీ తినుకుంటూ పోతుంది. చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి తీసి, అంచుల్లో ఏమీ మిగల్లేదని ల్యాబ్‌లో చూపించుకుంటే చాలామందికి అక్కడితో సరి.

చీఫ్ ఆయన్ని తన సొంత గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చూశాడు. పది రోజుల్లో పరీక్షకి ముక్క తీయడం, రిపోర్టు రావడం, ఆపరేషన్ కావడం అన్నీ అయిపోయాయి. చెంప చర్మమే కొంచెం జరిపి కుట్టాడు, చెయ్యి మంచిదే ఆయనది. "చూశావా అమ్మా, ఎర్రగా ఉన్నవాళ్ళకే వస్తుంది" అని నాకు పాఠం కూడా చెప్పాడు. సూర్యనారాయణ గారి మీద నాకే కోపమూ లేదు. ఆయనకి జరిగినట్టే అందరికీ జరగాలి. కానీ అదే నెలలో పుండ్ల గదిలోకి బాలమ్మ వచ్చింది, ఆమెకి కుర్చీ లేదు.

బాలమ్మ

కొత్తగూడ దగ్గర కంకర కొట్టేది బాలమ్మ. నలభై ఉంటాయేమో, ఎన్నేళ్ళో తనకీ తెలియదు. నల్లగా, సన్నగా, గట్టిగా ఉండేది. ఎవరినీ బతిమాలే రకం కాదు.

"డాక్టరమ్మా, నడుంకాడ పుండైంది, మానుతలేదు. జర సూడు."

"ఎన్నాళ్ళైందమ్మా?"

"దసరప్పుడు దురద వెట్టె. గిప్పుడు పుండాయె."

కుడివైపు చీర వేలెడంత జరిపింది. నల్లబడి, మందంగా మారి, పగిలి తడిగా ఉన్న చర్మం కనిపించింది. "నాడ ఒరుసుకుని పగిలింది" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. కంకర కొట్టే ఆడవాళ్ళు లంగా నాడ ఊపిరాడనంత బిగించి, రోజూ ఒకే గీతమీద కడతారు. దాంట్లోకి చెమట, రాతిపొడి చేరుతాయి. ఇరవై ఏళ్ళు ఆ తాడు అక్కడే ఒరుసుకుంటుంది. ముందు నల్లబడుతుంది, తర్వాత దురద, తర్వాత పగులు, తర్వాత పుండు. అక్కడే ఆగితే నా ఆయింట్‌మెంటు చాలు. ఆగిందో లేదో చూడాల్సిన పని నాది.

"నాడ కాస్త వదులుగా కట్టుకోమ్మా" అన్నాను.

"వదులు గడ్తె ఎట్లమ్మా? వంగుతం, లేస్తం, తట్ట మోస్తం. నలుగుట్ల జారిపోదా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. వెడల్పు పట్టీ వాడమనో, రోజుకోచోట కట్టుకోమనో చెప్పి ఉండొచ్చు. నాకే తట్టలేదు. నాలాగా కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇచ్చే సలహాలు ఇలాగే ఉంటాయి.

ఆ తర్వాత ఆమె వస్తూనే ఉంది. పొద్దున్నే పెద్ద రోడ్డుదాకా నడిచి, బస్సు పట్టుకుని, ఆ రోజు పని పోగొట్టుకుని. నేను ఒకసారి పచ్చ మందు రాశాను, ఒకసారి తెల్ల మందు రాశాను, ఒకసారి పెన్సిలిన్ సూదులు రాశాను. ప్రతిసారీ అదే వేలెడు చర్మం చూశాను. పద్నాలుగు నెలలు ఇలాగే గడిచాయి. "నాడ విప్పమ్మా, మొత్తం చూస్తాను" అని ఒక్కసారి కూడా అనలేదు. ఆమె అంతమంది మగవాళ్ళ మధ్య విప్పదు. విప్పమని అడగడానికి నాకూ మొహమాటం. ఇలాంటి మొహమాటాలు లేకుండా చూడటానికే గదా ఆడ డాక్టరుండేది! ప్రసూతి వార్డుకి దారి చూపించినప్పుడు అంత రోషపడ్డానే, ఆ రోషం ఈ గదిలో ఎక్కడికి పోయిందో.

పరదా

నాకు కళ్ళు తెరిపించింది ఏ ప్రొఫెసరూ కాదు, సత్తెమ్మ అనే ఆయా. ఆమెదీ ఆ వైపు ఊరే. ఒకరోజు డ్రెస్సింగు అయ్యాక నన్ను పక్కకి పిలిచింది.

"నువ్ సూసేది సగమే డాక్టరమ్మా. అసలుది నాడ కింద ఉన్నది. దాని బట్టలు వాసనొస్తున్నయ్. నీకు సెప్పనీకి సిగ్గువడుతున్నది."

ఆ పూటే చీఫ్ దగ్గరికి వెళ్ళి పుండ్ల గదికి పరదా కావాలని అడిగాను. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే, "పుండ్ల గదికి పరదా ఏంటమ్మా, అదేమన్నా నాటకాల హాలా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. అందులో ఒకడు ఆరోజు పొద్దున్నే చీఫ్ గది కిటికీలకి కొత్త పరదాలు వేయించి వచ్చాడు.

మర్నాడు ఇంటినుంచి పాత నేతచీర ఒకటి పట్టుకెళ్ళాను. సత్తెమ్మా నేనూ కలిసి గోడ మేకుకీ కిటికీ ఊచకీ మధ్య కట్టేశాం. వార్డు బాయిలు చూసి ఏదో అనబోతే సత్తెమ్మ వాళ్ళని ఉర్దూలో దులిపేసింది. పరదా కట్టడానికి పట్టింది అయిదు నిమిషాలు. దాన్ని అడగాలని తోచడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

బాలమ్మ ఆ చీర వెనక నాడ విప్పింది.

నాలుగు వేళ్ళ వెడల్పు పుండు. అంచులు పైకి లేచి బయటికి దొర్లినట్టున్నాయి. తాకితే రక్తం. వేలితో నొక్కితే పుండు అడుగు గట్టిగా, చెక్కలా ఉంది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి: ఈ జబ్బుని కళ్ళకంటే ముందు వేలు పట్టుకుంటుంది. మామూలు పుండు అడుగు మెత్తగా ఉంటుంది. ఇది రెండో రకం, స్క్వామస్ సెల్. పాత పుండు మీద, పాత కాలిన మచ్చ మీద, ఏళ్ళ తరబడి ఒరుసుకున్న చోట లేస్తుంది. సూర్యనారాయణ గారి దానిలా ఇది ఒకచోట కుదురుగా ఉండదు, బిళ్ళలకి, అంటే లింఫు గ్రంథులకి, పాకుతుంది. నడుం దగ్గరిదైతే గజ్జలకీ పోవచ్చు, చంకకీ పోవచ్చు, రెండుచోట్లా తడిమి చూడాలి. తడిమాను. కుడి గజ్జలో చింతగింజంత గట్టిగా తగిలింది.

"ఏందమ్మా, గట్ల సూస్తున్నవ్?" అంది బాలమ్మ.

"ఇంకో పరీక్ష చెయ్యాలి" అన్నాను.

మధ్యలో తీసిన ముక్క

చీఫ్‌కి చెప్పాను. ఆయన విసుక్కున్నాడు. "ఒరిపిడి పుండుకి ఇంత హడావిడా? నల్లతోలుకి ఇది రాదమ్మా. సరే, నీ తృప్తి కోసం" అని తనే ముక్క తీశాడు. ఎక్కడినుంచి? పుండు నట్టనడుమ, చీమూ పాచీ ఉన్న చోటునుంచి. అక్కడైతే రక్తం తక్కువ, పని సులువు. నడుమ ఉండేది చచ్చిన కండ, అందులో ఏమీ దొరకదు. ముక్క అంచునుంచి తీయాలి, పక్కన కాస్త మంచి చర్మం కూడా కలిసి రావాలి. ఇది మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పే పాఠం. ఆ పాఠం చెప్పే పెద్దమనిషే తన చేత్తో దాన్ని పాటించలేదు.

రిపోర్టులో వాపు, చీము తప్ప ఇంకేమీ లేవని వచ్చింది. కాగితం నా ముందు పడేసి, "తృప్తా?" అన్నాడు.

అడుగు గట్టిగా ఉందని నా వేలు చెప్పింది. కాగితం ఏమీ లేదంది. నేను కాగితం వైపు నిలబడ్డాను. తెలియక కాదు, ఆయనతో గొడవ ఎందుకని. ఇంకా రెండు నెలలు బాలమ్మకి డ్రెస్సింగు చేసి పంపాను. ఈ రెండు నెలలకీ నా దగ్గర ఏ సాకూ లేదు. మొదటి పద్నాలుగు నెలలు నేను గుడ్డిదాన్ని అనుకోండి. ఈ రెండు నెలలు నేను పిరికిదాన్ని, గుడ్డితనం కంటే ఇది నీచం. రిపోర్టు మీ వేలితో విభేదిస్తే ఇంకో ముక్క తీయండి. అదీ విభేదిస్తే మూడోది తీయండి. ఎవరి మొహం మాడిపోతుందో అని చూడకండి.

చివరికి చీఫ్ సెలవులో ఉన్న రోజు చూసి, అంచునుంచి నేనే ముక్క తీశాను. దానికి కూడా ఆయన సెలవు కోసం కాచుకున్నానంటే నా ధైర్యం ఎంతో మీకే తెలుస్తుంది. వారంలో రిపోర్టు వచ్చింది. క్యాన్సరే.

మంచం పక్కన పాఠం

బాలమ్మని వార్డులో చేర్చుకున్నాం. బుధవారం పొద్దున చీఫ్ స్టూడెంట్లని వెంటేసుకుని రౌండ్లకి వచ్చాడు. ఇప్పుడది ఆయనకి మంచి కేసు అయిపోయింది. అంచులు చూపించాడు, గజ్జలో బిళ్ళ చూపించాడు, ఏదో తనే కనిపెట్టినట్టు చక్కగా వివరించాడు. చివర్లో, "లేట్ ప్రెజెంటేషన్. వీళ్ళతో ఇదే గోల. చదువుండదు, శుభ్రత ఉండదు, లేటుగా వస్తారు. మనమేం చేస్తాం?" అన్నాడు.

బాలమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ లేట్ అన్న మాట బాగా తెలుసు. దవాఖానకి పోయొచ్చిన ప్రతి రోజూ వాళ్ళ మేస్త్రి ఆ మాటే అని పనిలోకి రానీయకుండా పంపేసేవాడట.

"ఎవరు లేటు?" అంది, మోచేతిమీద లేస్తూ.

చీఫ్ వినిపించుకోలేదు. ఆమె బొడ్డు సంచి విప్పి, మడతలు పెట్టిన చీటీల కట్ట తీసి దుప్పటి మీద పరిచింది. మావే, పుండ్ల గది చీటీలు. పంతొమ్మిది.

"గియ్యేంది మరి? నేను లేటొచ్చిన్నా? ఎల్లిపాయిన దసరకు ముంగటి దసర ఎనకనుంచి తిరుగుతున్న. మందిస్తిరి, పొమ్మంటిరి. సూదిస్తిరి, పొమ్మంటిరి. సూడమని నేనొస్తిని, సూడకుండ మీరు పంపితిరి. లేటెవరు?"

చీఫ్ ఒక చీటీ తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ సంతకం ఎవరిది?"

"నాది సార్" అన్నాను.

"ఓహో. అయితే మా డాక్టరమ్మ గారి ఘనకార్యమన్నమాట" అని నవ్వి, పక్క మంచానికి నడిచాడు. స్టూడెంట్లు కూడా నవ్వి వెనకే పోయారు.

సంతకం నాదే, తప్పూ నాదే, అందులో అనుమానం లేదు. కానీ నడుమ ముక్క తీసిన చెయ్యి ఎవరిది? పరదా అక్కర్లేదన్న నోరు ఎవరిది? ఆ రెండూ నేను ఆ క్షణాన అడగాల్సింది. అడగలేదు. మధ్యాహ్నం కేసు షీటులో లేట్ అన్న మాట కొట్టేసి, మొదటిసారి వచ్చింది పదహారు నెలల కిందట అని రాశాను. మర్నాటికి ఆ షీటు మాయమై కొత్తది వచ్చింది. అందులో మళ్ళీ అదే మాట. మన ఆసుపత్రుల్లో ఎన్ని షీట్లమీద ఈ మాట ఇలాగే కూర్చుందో! రోగి ఆలస్యంగా వచ్చిందని రాసే ముందు, ఆమె ఎన్ని గదుల ముందు ఎన్నిసార్లు నిలబడిందో అడగండి. అడగకుండా రాస్తే అది అబద్ధం.

అరగంట

ఆపరేషన్ పెద్దదే అయింది. పుండు చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మంతో కోసి తీసి, తొడ చర్మం తెచ్చి అతికాం. గజ్జలో బిళ్ళలన్నీ తీశాం. కరెంటు, అంటే రేడియేషన్, కూడా ఇప్పించాం. గాయం మానింది గానీ కుడికాలు వాచి స్తంభంలా తయారైంది. ఇక గుట్ట దగ్గర కూర్చుని సుత్తె పట్టలేకపోయింది. ఆరునెలలు తిరక్కుండానే, అతికిన చర్మం అంచున మళ్ళీ ఒక గడ్డ లేచింది. దాని అర్థం నాకు తెలుసు. ఆమెకీ తెలిసిపోయింది, ఎవరూ చెప్పకుండానే.

అలాంటి స్థితిలో ఒకరోజు పుండ్ల గదికి వచ్చింది. తన కోసం కాదు. ఎల్లమ్మ అని తనతో కంకర కొట్టే మనిషిని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది.

"దీనికి గూడ నాకైనట్టే అయితున్నది. మూడు నెల్ల సంది. ఇది రానంటే గుంజుకొచ్చిన. సూడు."

పరదా వెనక చూశాను. నాడ గీత మీద నల్లటి మందమైన చర్మం, అందులో శనగగింజంత బుడిపె, మీద పక్కు. వేలికి గట్టిగా తగిలింది. గజ్జల్లో, చంకల్లో ఏమీ లేవు. చీఫ్‌ని అడగలేదు, ఎవరి సెలవు కోసమూ చూడలేదు. అప్పటికప్పుడే పక్కనున్న చిన్న థియేటర్‌లో మత్తు సూది వేసి, చుట్టూ మంచి చర్మంతో సహా ఆకు ఆకారంలో కోసి తీసి, కుట్లు వేశాను. తర్వాత వచ్చిన రిపోర్టులో క్యాన్సరే అని ఉంది, అంచుల్లో మాత్రం ఏమీ మిగల్లేదు. ఎల్లమ్మ ఆ తర్వాత ఏళ్ళ తరబడి నా దగ్గరికి వచ్చి చూపించుకుని పోయేది.

ఆరోజు బాలమ్మ బయట బెంచీమీద వాచిన కాలు చాపుకుని కూర్చుంది. ఎల్లమ్మ తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ఆమె మొహం మారిపోయింది.

"అయిపాయెనా?" అంది నాతో.

"అయిపోయిందమ్మా."

"గింతేనా?"

"ఇంతే."

"అరగంట గూడ కాలే." వాచిన కాలు చేత్తో ఎత్తి కిందకి దించింది. తర్వాత, "మరి నాకెందుకు గట్ల జేసిండ్రు?" అంది.

"నువ్వు మొదటిరోజు వచ్చినప్పుడు నేను నాడ విప్పించి చూడలేదు. తర్వాత తెలిసి కూడా రెండు నెలలు నోరు మూసుకున్నాను. అందుకే" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు జెప్పి ఏం ఫాయిద? నేను పొయ్యేదాన్ని. నన్ను లేటన్నడే, గా పెద్ద డాక్టరుకు జెప్పు. గా నవ్విన పోరగాండ్లకు జెప్పు. నేను గూడ వస్త."

ఆ తర్వాతి బుధవారం క్లాసు ఉంది. ఆమె నిజంగానే వచ్చింది, ఎల్లమ్మ భుజం పట్టుకుని, ఆ కాలు ఈడ్చుకుంటూ. పుండ్ల గదిలో స్టూడెంట్లు గోడవారగా నిలబడ్డారు. చీఫ్ కుర్చీలో ఉన్నాడు. ఆయన ముందే చెప్పాను. మొదటి రోజునుంచీ మొత్తం, నా పద్నాలుగు నెలలూ, ఆయన నడుమ తీసిన ముక్కా, నా రెండు నెలలూ, అన్నీ. "ఈమె మొదటిసారి వచ్చిన రోజే మొత్తం చూసి ఉంటే అరగంట పనితో పోయేదేమో. ఈమె ఆలస్యంగా రాలేదు. మేం చూడలేదు" అన్నాను.

"ఇది క్లాసా, పంచాయితీనా?" అని చీఫ్ లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన వెనక పోలేదు. ముందు వరసలో ఒకమ్మాయి పుస్తకం తెరిచి గబగబా రాసుకోవడం మొదలుపెట్టింది.

"రాసుకునుడు కాదు బిడ్డా, సెయ్యి దే" అంది బాలమ్మ. ఆ పిల్ల చెయ్యి లాక్కుని పరదా వెనక్కి తీసుకెళ్ళింది. నడుం మీద మళ్ళీ లేచిన ఆ గడ్డమీద వేళ్ళు పెట్టి అదిమింది. "గిట్ల గట్టిగుంటది. మెత్తగుంటె ఫికర్ లేదు. గిట్లుంటె ఇడిసిపెట్టద్దు. యాది వెట్టుకో." తర్వాత ఇంకో అమ్మాయిని పిలిచింది. తర్వాత ఇంకొకతెని. ఒకపిల్ల ఏడుస్తూ బయటికొచ్చింది. ఆడపిల్లలు అయిపోయారు. మగపిల్లలు మర్యాదకి గోడవైపు తిరిగి నిలబడ్డారు.

బాలమ్మ పరదా పక్కకి లాగేసింది.

"మీరెందుకు అటు తిరిగిండ్రు? రేపు దవాఖానల్ల కూసునేది మీరు గాదా? రాండ్రి. మీరు గూడ ముట్టి సూడుండ్రి."